పాతది జమ చేస్తేనే కొత్తది

ప్రభుత్వానికి ఏదైనా ఉచితంగా ఇవ్వడమంత ఖరీదైన వ్యవహారం మరొకటి లేదు. అమ్మితే ఆలస్యంగానైనా బిల్లు వస్తుంది. ఉచితంగా ఇస్తే అనుమానం వస్తుంది. జిల్లా దృశ్య ప్రచార కేంద్రంలో ఒక చిన్న మరమ్మతుకు వెళ్ళి నేను నేర్చుకున్న పాఠం ఇది.

నా పేరు గ్రంధి కోదండం. మా తాత బెల్లం అమ్మాడు, మా నాన్న సిమెంటు అమ్మాడు, నేను కంప్యూటర్లు అమ్ముతాను. సరుకు మారింది గానీ లెక్క మారలేదు. ఎదురుగా ఉన్న మనిషి ఉంటే మనకేం మిగులుతుంది, పోతే మనకేం పోతుంది, అంతే. ఆ కేంద్రంలోని కంప్యూటర్లకు ఏడాది పొడవునా మరమ్మతులు చూసే ఒప్పందం నాది. అక్కడ కంప్యూటర్‌ను నిజంగా వాడే మనిషి మాత్రం ఒక్కతే, వీడియో ఎడిటర్ మేడిద సలోమి. మిగతావాళ్ళ కంప్యూటర్ల మీద తువాళ్ళు ఆరేసి ఉంటాయి. వాడని యంత్రం చెడదు. చెడని యంత్రానికి మరమ్మతు ఒప్పందం అక్కర్లేదు. కాబట్టి సలోమి ఉద్యోగం నిలిస్తేనే నా బేరం నిలుస్తుంది. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు, ఎవరూ నన్ను పొగడక్కర్లేదు.

ఒక ఉదయం ఆమె పిలిస్తే వెళ్ళాను.

“చూడండి బాబాయ్ గారూ ఈ ముదనష్టపు మిషను. కోసేటప్పుడు బానే ఉంటాది, అతికేటప్పుడు బానే ఉంటాది. మొత్తం సినిమా బయటికి తీద్దామని నొక్కగానే తెర నల్లబడి చచ్చూరుకుంటాది.”

“ఏ సినిమా అమ్మాయ్?”

“ఇంకేటి, మన జిల్లా ఎంత వెలిగిపోతందో చెప్పే సినిమా. నెలాఖరుకి మంత్రిగారొచ్చి విడుదల చేస్తారంట. నా కాంట్రాక్టు కూడా నెలాఖరుకే అయిపోద్ది. సినిమా చేతికి రాకపోతే రెన్యువల్ మాటెత్తొద్దని ఏడీ గారు తేల్చి చెప్పేశారు. ఆయన బావమరిది కొడుకొకడు కెమెరా సంచీ తగిలించుకుని గుమ్మంలో తిరుగుతున్నాడు, చూళ్ళేదా?”

చూశాను. వరండాలో బల్ల మీద కూర్చుని ఫోన్లో తన మొహమే చూసుకుంటున్న కుర్రాడు. వ్యాపారి కంటికి అది ప్రమాద సూచిక. ఆ కుర్రాడు వస్తే ఇక్కడ కంప్యూటర్ మీద మరో తువాలు పడుతుంది.

యంత్రం విప్పి చూశాను. గ్రాఫిక్స్ కార్డు మంచిదే. నేనే అమ్మాను కనుక ఆ మాట ధైర్యంగా చెప్పగలను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఈ మధ్య కొత్తదయింది, కార్డును నడిపించే డ్రైవర్ మాత్రం కార్డు కొన్ననాటిదే. డ్రైవర్ అంటే మార్కెట్ యార్డులో దళారి లాంటిది. సాఫ్ట్‌వేర్‌కు ఏం కావాలో విని, కార్డుకు దాని భాషలో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ కొత్త మాటలు నేర్చింది, దళారికి పాత మాటలే వచ్చు. చిన్న పనులకు ఎలాగో సర్దుకుపోతారు. పెద్ద బేరం తగిలేసరికి ఒకరి మాట ఒకరికి అర్థంకాక యార్డు మూసేస్తారు.

మందు తేలికే. పాత డ్రైవర్‌ను శుభ్రంగా తీసెయ్యాలి. ఆటలాడేవాళ్ళ కోసం హడావుడిగా వదిలే రకం కాకుండా, ఎడిటింగ్ చేసేవాళ్ళ కోసం బాగా పరీక్షించి వదిలే నిలకడైన రకం ఎక్కించాలి. యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యాలి. తెప్పించిన టీ చల్లారేలోపు అయిపోతుంది. డ్రైవర్ కంపెనీ వెబ్‌సైట్లో ఉచితం, నా పని ఒప్పందంలో భాగం.

“అయితే ఎక్కించెయ్యండి బాబూ,” అంది సలోమి.

“పాస్‌వర్డ్ అడుగుతోంది.”

“అది స్టోర్సులో ఉంటాదండి.”

“పాస్‌వర్డా?”

“సీలేసిన కవర్లో, ఇనప్పెట్టెలో.”

స్టోర్స్ సూపరింటెండెంట్ యెలిశెట్టి సత్యానందం గారు నిప్పులాంటి మనిషి. ఆయన చేతిమీదుగా ఒక్క గుండుసూది కూడా పక్కదారి పట్టలేదు. నిజానికి ఒక్క గుండుసూది కూడా ఎవరి అవసరానికీ అందలేదు. డ్రైవర్ అంటే జీపు నడిపేవాడనుకునేంత అమాయకుడు కూడా కాదు. అంత అమాయకుడైతే విసుక్కుని సంతకం పెట్టేవాడు, నా పని అయిపోయేది. నేను చెప్పిందంతా ఆయన శ్రద్ధగా విన్నాడు, పూర్తిగా అర్థం చేసుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు.

“అంటే పాతది తీసేసి కొత్తది పెడతారు. ఔనాండీ?”

“ఆయ్.”

“అయితే ఆ పాతది తెచ్చి ఇక్కడ పెట్టండి.” బల్ల మీద చేత్తో చూపించాడు.

ఆయన వెనకాల కాలిపోయిన బల్బులు, విరిగిన కుళాయిలు, ప్రింటర్ల ఖాళీ కాట్రిడ్జ్‌లు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. స్టోర్సు సూత్రం అది. పాతది జమ చేస్తేనే కొత్తది. పూర్వం ఎవరో మహానుభావుడు పాత ఫ్యాను బాగానే తిరుగుతుండగా, పోయిందని చెప్పి కొత్త ఫ్యాను తీసుకుని ఇంట్లో బిగించుకున్నాడట. ఆ ఫ్యాను కింద ఆయన హాయిగా నిద్రపోయాడు, అప్పట్నుంచి ఈ ఆఫీసులో ఎవరికీ నిద్ర లేదు.

“సత్యానందం గారూ, అది వస్తువు కాదండీ. తీసేస్తే ఇంకేం మిగలదు. తుడిచిపెట్టుకుపోతుంది.”

ఆయన కళ్ళజోడు తీశాడు. “ప్రభుత్వ ఆస్తిని తుడిచిపెట్టేస్తానని నా ఎదురుగా కూర్చుని, నా కుర్చీలో, నాకే చెబుతున్నారేటండి?”

“పోనీ, పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు తీసి ఇస్తాను.”

“నకలెందుకండి? పాత బల్బు తెమ్మంటే బల్బు ఫొటో తెస్తారా? అసలు తెండి. అక్కడ ఉండకూడదు, ఇక్కడ ఉండాలి. అప్పుడే జమ.”

బేరంలో ఎక్కడ తగ్గాలో తెలియనివాడు వ్యాపారి కాదు. పాస్‌వర్డ్ వేయించుకుని, పాత డ్రైవర్ ఫైళ్ళన్నీ నా జేబులోని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్లోంచి దాన్ని తీసేశాను. తెర మీది అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోనే లేదు. అంతకుముందు సగం పనైనా జరిగేది.

“ఇదేటి బాబాయ్ గారూ, బాగు చేస్తానని చెప్పి ఉన్న కన్ను పొడిచేశారు?”

“ఒక్క గంట ఓర్చుకో అమ్మాయ్.”

ఆ గంట ఎంత పొడుగో అప్పుడు నాకూ తెలియదు.

సత్యానందం పెన్‌డ్రైవ్‌ను తపాలా త్రాసులో వేశాడు. జమ చేసే ప్రతి వస్తువుకూ బరువు రాయాలట. ఇక్కడ నా బుద్ధి ఊరుకోలేదు. మా తాత బెల్లం తూచేటప్పుడు ఖాళీ గోనె బరువు తీసెయ్యకుండా లెక్క కట్టేవాడు కాదు.

“పెన్‌డ్రైవ్ నాదండీ, లోపలి సరుకే మీది. ఖాళీగా ఉన్నప్పటి బరువు తీసెయ్యండి,” అన్నాను.

న్యాయమేనని ఒప్పుకున్నాడు. అలాంటిదే ఇంకో ఖాళీ పెన్‌డ్రైవ్ తూచాడు. రెండూ ఒక్క బరువే తూగాయి. పాత డ్రైవర్ బరువు సున్నా అని తేలింది. సత్యానందం మొహం నల్లబడింది.

“సరుకంతా ఏమైపోయిందండీ? ఆ ఎడిటరమ్మ ఏవన్నా దాచేసిందా?”

నా తెలివి సలోమి మెడకు చుట్టుకునేలా ఉంది. గబగబా సర్దాను. “అబ్బెబ్బే. గ్యాస్ అయిపోయాక ఖాళీ సిలిండర్ జమ చేసుకోరూ? ఇదీ అంతే. పెన్‌డ్రైవే సిలిండర్ అనుకోండి.”

ఆయన మొహం వెలిగింది. “అలా చెప్పండి మరి! అయితే సిలిండర్‌తో సహా జమ.”

నా పెన్‌డ్రైవ్ ఆ క్షణాన ప్రభుత్వ ఆస్తి అయిపోయింది. ఉచితంగా ఇవ్వడం ఖరీదు అన్నది అందుకే.

జమ అయితే అయింది గానీ కొత్తది రాలేదు. జమ అయిన పాతది నిజంగా పనికిరాదని తేలాలి. తేల్చడానికి కండెమ్నేషన్ కమిటీ కూర్చోవాలి. కమిటీ అంటే సహాయ సంచాలకులు, అందరూ ఏడీ అని పిలిచే పారుపూడి త్రివిక్రమరావు గారు, సత్యానందం గారు, సాంకేతిక సభ్యుడిగా నేను. త్రివిక్రమరావు గారు ఇంట్లో ఉప్పు అడిగినా ఉత్తర్వు భాషలోనే అడుగుతారని చెప్పుకుంటారు.

“సాంకేతికతను అందిపుచ్చుకొనుటలో మన కేంద్రము అగ్రగామిగా నిలవవలసియున్నది. అయితే నవీకరణ పేరిట ప్రజాధనము దుర్వినియోగము కారాదు. సదరు పాత డ్రైవరునందు వినియోగయోగ్యమైన భాగములు ఏవేని మిగిలియున్నవా?”

“లేవండి.”

“మీరు చెప్పిన చాలదు. కమిటీ స్వయముగా పరీక్షించవలెను.”

అంటే తీసేసిన పాత డ్రైవర్‌ను మళ్ళీ ఎక్కించాలి. స్టోర్సు నుంచి తాత్కాలికంగా విడుదల చేయించి ఎక్కించాను. తెర చక్కబడింది. ముగ్గురం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. తెర మీద కొండ, కొండ మీద మబ్బు. కమిటీ చాలాసేపు మబ్బును పరీక్షించింది.

“ఎటువంటి లోపమూ గోచరించుట లేదే?” అన్నారు ఏడీ గారు.

“బొమ్మ నిక్షేపంలా ఉందండి,” అన్నాడు సత్యానందం.

“సార్, ఉత్తి బొమ్మ చూస్తే ఏం తెలుద్దండి?” సలోమి ముందుకొచ్చింది. “ఎద్దుని కట్టుగొయ్య దగ్గర చూసి బండి లాగుద్దని సెప్తారేటండి? సినిమా పెట్టి బయటికి తియ్యమనండి.”

తియ్యమని నొక్కాం. జిల్లా వెలుగుతూ బయలుదేరింది. రోడ్లు, కాలువలు, నవ్వుతున్న రైతులు గడిచారు. మంత్రిగారు కత్తెర ఎత్తారు. రిబ్బను తెగేలోపు కత్తెర గాలిలోనే ఆగింది. మంత్రిగారి నోరు తెరుచుకునే ఉండిపోయింది. తెర నల్లబడింది.

త్రివిక్రమరావు గారి మొహంలో అంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు. “గౌరవనీయులైన మంత్రివర్యులను నోరు తెరిచిన స్థితియందు నిలిపివేసినది! దీనిని తక్షణమే నిరర్థకముగా ప్రకటించుచున్నాము.”

పాత డ్రైవర్‌ను మళ్ళీ తీసేసి స్టోర్సుకు అప్పజెప్పాను. నిరర్థకమని ప్రకటించిన వస్తువును బహిరంగ వేలం వెయ్యాలి. నోటీసు బోర్డు మీద అంటించారు. “ఉపయోగించిన గ్రాఫిక్స్ డ్రైవర్, ఒకటి, ఉన్నది ఉన్నట్లుగా.” ఆ ఒక్క నోటీసు సలోమి గడువులోంచి వారం మింగింది. ఆ వారమంతా ఆమె గుమ్మడికాయ అక్షరాల ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. వరండాలో కుర్రాడి నడక మాత్రం రోజురోజుకీ జోరందుకుంది.

“ఏ ఊళ్ళోనైనా చూశారా బాబాయ్ గారూ, చేతిలో పనుంది, చెయ్యడానికి నేనున్నాను, అడ్డమల్లా ఒక సిలిండర్,” అంది సలోమి. “మా ఆయన అడుగుతున్నాడు, నెలాఖరు తరవాత పిల్లదాన్ని మళ్ళీ ఆ కాన్వెంటుకే పంపుదామా మానిపిద్దామా అని. ఏం చెప్పమంటారు?”

నా లెక్కలో కాన్వెంటు ఖర్చు లేదు. కానీ మనిషి గొంతు మారితే బేరం చేసేవాడికి తెలుస్తుంది.

వేలానికి నాగూర్ మీరా వచ్చాడు. ఊళ్ళో పాత సామాను కొనేవాళ్ళలో పెద్దవాడు. ఆవరణంతా కలియతిరిగాడు.

“ఏడండి సరుకు?”

సత్యానందం పెన్‌డ్రైవ్ ఎత్తి చూపించాడు.

“అదా? పైది ప్లాస్టిక్కే కదండి. లోపల?”

“లోపల డ్రైవర్ ఉందండి.”

“బరువెంత?”

“సున్నా.”

నాగూర్ మీరా సత్యానందాన్ని ఎగాదిగా చూశాడు. “ఎండ దెబ్బ తగిలిందేటండి? ఇంత మజ్జిగ తాగండి.” అని వెళ్ళిపోబోయాడు.

వేలంలో పాటదారు లేకపోతే ధర తగ్గించి రెండోసారి వెయ్యాలి. అప్పుడూ లేకపోతే కమిటీ సమక్షంలో పూడ్చిపెట్టాలి. పూడ్చడానికి స్థలం కావాలి, స్థలానికి ఇంకో శాఖ అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేసరికి సలోమి పిల్లకు కాన్వెంటు కాదు, పెళ్ళి వయసొస్తుంది. నేను పరిగెత్తి నాగూర్ మీరాను గేటు దగ్గర ఆపాను.

“సాయిబు గారూ, లోపల కాట్రిడ్జ్‌లూ ఇనప కుర్చీలూ పైకప్పు దాకా ఉన్నాయి. వాటి మీద కన్నులేదా మీకు?”

“ఎందుకు లేదండి? ఏళ్ళబట్టీ అడుగుతున్నాను. ఆ మహానుభావుడు ఇత్తేనా?”

మా వ్యాపారంలో అతి పాత ఉపాయం ఇది. పోయే సరుకుకు పోని సరుకు అంటగట్టడం. పంచదార కావాలంటే పురుగు పట్టిన కందిపప్పు కూడా కొనాలి. సత్యానందానికి చెప్పాను. పాత డ్రైవర్‌ను ఒక్కదాన్నే అమ్మితే జనం నవ్వుతారు, కుర్చీలతో కలిపి ఒకే లాటుగా పెడితే నిబంధన కూడా సంతోషిస్తుంది. ఆయన ఆలోచించాడు. కాట్రిడ్జ్‌ల గుట్ట వైపు, కన్నపిల్లల్ని హాస్టలుకు పంపే తండ్రిలా చూశాడు. సరేనన్నాడు.

నాగూర్ మీరా లారీ తెచ్చాడు. కుర్చీలెక్కాయి, కాట్రిడ్జ్‌లెక్కాయి. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. మర్నాడు చూస్తే లారీలో దాన్ని పెట్టి పాటలు వింటున్నాడు. డ్రైవర్ అంతకుముందే తుడిచేశాడట. ఆ పని మొదటిరోజే నేను చేస్తానన్నందుకు సత్యానందం నామీద విరుచుకుపడ్డాడు. లారీలో జరిగితే ఏమీ అనలేదు. వేలంలో పోయింది కనుక.

ఇక కొత్త డ్రైవర్. ఇంకో పెన్‌డ్రైవ్ అర్పించుకుని స్టోర్సులో జమ చేయించి, విడుదల చేయించి, ఎక్కించాను. యంత్రాన్ని ఆపి వేశాను. సినిమా ఈసారి మధ్యలో ఆగకుండా చివరిదాకా బయటికొచ్చింది. మంత్రిగారి కత్తెర దిగింది, రిబ్బను తెగింది, ఆయన నోరు మూసుకున్నారు. సలోమి తెర మీద చెయ్యి వేసి, “ఒరే, బతికావురా,” అంది. పని మధ్యలో డ్రైవర్ తనంతట తాను కొత్తదాన్ని దింపుకోకుండా ఆ సదుపాయం ఆపేసి వచ్చాను. నిలకడ కావాలంటే మొదట నిలబడనివ్వాలి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సభ జరిగింది, సినిమా చూసి మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు త్రివిక్రమరావు గారి తలకెక్కాయి.

మర్నాడు సిబ్బందినందరినీ పిలిచారు. నన్నూ రమ్మన్నారు.

“పాత డ్రైవరును తొలగించి కొత్తది అమర్చినంతనే యంత్రము ఎటుల పుంజుకొన్నదో మనము ప్రత్యక్షముగా వీక్షించితిమి. దీనినిబట్టి సమస్త రుగ్మతలకూ మూలము పాత వెర్షనే యని తేటతెల్లమగుచున్నది. కావున ఈ కేంద్రమునందు సంపూర్ణ నవీకరణ పక్షోత్సవములు ప్రకటించుచున్నాను. తొలి అడుగుగా ఎడిటరును నవీకరించెదము. శ్రీమతి సలోమి పాత వెర్షను. వీరి స్థానమున తాజా వెర్షనుగా చిరంజీవి హేమంత్ నియమితుడగును.”

వరండాలో చిరంజీవి హేమంత్ కెమెరా సంచీ సర్దుకున్నాడు.

సలోమి లేచింది. “సార్, సినిమా బాగుందని మంత్రిగారు చప్పట్లు కొట్టారు కదండి?”

“ఆ కీర్తి డ్రైవరుది.”

“డ్రైవర్ ఒక్కటే కూకుని సినిమా తీసేసిందేటండి?”

“వాదోపవాదములకు ఇది వేదిక కాదు.”

ఆమె తన గదికెళ్ళి సంచీలో సామాను సర్దడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“సర్దకు అమ్మాయ్. ఒక్క ప్రశ్న అడిగొస్తాను.”

“ఎవర్ని? ఆయన్నా? ఆయనకి ప్రశ్నలర్థం కావు బాబాయ్ గారూ.”

“ఆయన్ని కాదు.”

ప్రతి ఖాతాదారుకూ ఒక బలహీనత ఉంటుంది. అది తెలిసినవాడికి బేరమాడే పని ఉండదు, ఊరకే గుర్తుచేస్తే చాలు. స్టోర్సుకు వెళ్ళాను. కాట్రిడ్జ్‌లు పోయిన ఖాళీ గోడను సత్యానందం దిగులుగా చూస్తున్నాడు.

“కొత్త ఎడిటర్ వస్తున్నాడంటండీ,” అన్నాను తాపీగా.

“ఆయ్, విన్నానండి.”

“పాతది జమ అయిందా?”

ఆయన చేతిలో కలం ఆగింది. కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. తర్వాత లేచి, తలుపుకు తాళం వేసి, ఏడీ గారి గదివైపు నడిచాడు. నేను వెనకే నడిచాను. ఇలాంటి దృశ్యానికి టిక్కెట్టు పెట్టినా కొనేవాణ్ణి.

“సార్, కొత్త ఎడిటర్ని ఇస్యూ చెయ్యడానికి వీల్లేదండి.”

“ఏమి కారణము?”

“పాత ఎడిటర్ స్టోర్సుకి జమ కాలేదండి.”

త్రివిక్రమరావు గారు మొదట నవ్వారు. సత్యానందం నవ్వలేదు. “సత్యానందం, ఆమె మనిషి.”

“మొన్న డ్రైవరు వస్తువే కాదని కోదండం గారన్నారండి, అయినా జమ చేశాం. మీరే సంతకం పెట్టారు. ఇందాక మీరే అందరి ముందూ చెప్పారు, డ్రైవరుకైనా ఎడిటరుకైనా నవీకరణ ఒక్కటేనని. నవీకరణంటే పాతది తీసి కొత్తది పెట్టడవేనని కూడా. నా దగ్గర రూలు ఒక్కటే ఉందండి. బల్బుకైనా అదే, మీ బావమరిది కొడుక్కైనా అదే.”

ఏడీ గారు నా వైపు చూశారు. నేను గోడమీది క్యాలెండర్ వైపు చూశాను.

తన మాటను తానే వెనక్కి తీసుకోవడం ఏ అధికారికీ చేతకాదు. పైగా జమ చేయించడం వల్ల నష్టమేమిటి అనుకున్నారు కాబోలు. “అటులనే కానిండు. జమ చేయించి, కమిటీచే నిరర్థకముగా ప్రకటింపజేసి, తదుపరి చర్య గైకొనుడు,” అన్నారు.

సలోమికి చెప్పడానికి నేనే వెళ్ళాను. కోప్పడుతుందనుకున్నాను. విని, ఫక్కున నవ్వింది.

“అయితే నన్ను పనికిరానిదాన్నని రుజువు చెయ్యాలన్న మాట.”

“ఆ.”

“చెయ్యమనండి చూద్దాం.” క్యారేజీ చేత్తో పట్టుకుని తనే నడిచి స్టోర్సులోకి వెళ్ళింది. నాగూర్ మీరా తీసుకెళ్ళకుండా మిగిలిపోయిన కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. సత్యానందం త్రాసువైపు ఒకసారి చూశాడు.

“సత్యానందం గారూ, ఆ త్రాసు నా దగ్గరికి తెచ్చారంటే మిమ్మల్నే దాన్లో కూకోబెడతాను,” అంది.

బరువు గడిలో ఆయన “అనవసరం” అని రాసుకున్నాడు.

కమిటీ కూర్చుంది. అదే ముగ్గురం. ఈసారి ఉత్తి బొమ్మ చూపించి సరిపెట్టే ఉద్దేశం ఏడీ గారికి లేదు. కఠినమైన పరీక్ష పెట్టారు. సభలో మంత్రిగారు చేసిన ప్రసంగం మొత్తం ఇచ్చి, ప్రజలు చివరిదాకా చూసేంత చిన్నది చెయ్యమన్నారు. ఆ ప్రసంగం మధ్యలో సభికులే సగంమంది బయటికెళ్ళి టీ తాగి వచ్చారు. గెలవలేని పందెం అని నాకూ అనిపించింది.

సలోమి కుర్చీ ముందుకు లాక్కుంది. తలాతోకా తీసేసింది. దగ్గులు తీసేసింది. దండలు తీసేసింది. ఒకే వాగ్దానం పలుమార్లు వస్తే ఒకటి ఉంచి మిగతావి తీసేసింది. మధ్యలో కాలువలో నీళ్ళు పారుతున్న బొమ్మ అతికింది. బయటికి తియ్యమని నొక్కింది. తెర నల్లబడలేదు.

మంత్రిగారు మాట్లాడారు. చిన్నగా, సూటిగా, వినసొంపుగా. అన్నిటికన్నా ఆశ్చర్యం, ఆయన మాటలకు అర్థం కూడా ఉంది.

త్రివిక్రమరావు గారు చెమట తుడుచుకున్నారు. “ఇందు ఏదో లోపము ఉండియే తీరవలెను. కోదండం గారు, సాంకేతిక సభ్యులుగా మీ అభిప్రాయము?”

నేను వ్యాపారిని. నా ఒప్పందం పొడిగించేది ఆయనే. కానీ ఒప్పందం ఉండి సలోమి లేకపోతే నా చేతికి మిగిలేవి తువాళ్ళు. తక్కెడలో ఏ వైపు బరువో చూసుకున్నాను.

“లోపం కనబడలేదండి. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నోరు తెరిచిన మంత్రిగారు మూసుకునేదాకా నడిచింది.”

“కండెమ్ చెయ్యడానికి కుదరదండి,” అన్నాడు సత్యానందం తీర్పు చెప్పినట్టు. “సరుకు పనిచేసే స్థితిలో ఉంది. పనిచేసే సరుకు స్టోర్సులో ఉండగా కొత్తది తెప్పిస్తే ఆడిట్‌లో మనమే జవాబు చెప్పాలి. మీరే చెప్పండి సార్, చెబుతారా?”

ఆడిట్ మాట వినగానే ఏడీ గారి నవీకరణ పక్షోత్సవాలు అక్కడే ముగిశాయి. చిరంజీవి హేమంత్‌ను పిలిచి ఏదో మెల్లగా చెప్పారు. కుర్రాడు సంచీ తగిలించుకుని గేటు దాటాడు.

“మరి ఈమె కాంట్రాక్టు నేటితో ముగియుచున్నదే?” అన్నారు చివరి ఆశగా.

“కాంట్రాక్టు మనిషిదండి. ఆ మనిషి ఇప్పుడు మా స్టాకులో ఉంది. స్టాకు సరుక్కి గడువుండదు. కండెమ్ అయ్యేదాకా పనిలో ఉండాల్సిందే, దాని నిర్వహణ ఖర్చు ఆఫీసు భరించాల్సిందే.”

ఆ నిర్వహణ ఖర్చును లోకంలో జీతం అంటారు. తన జీవితంలో మొట్టమొదటిసారి సత్యానందం చేతిమీదుగా ఒక వస్తువు, అవసరమైనచోటికి అవసరమైన సమయానికి వెళ్ళింది. ఇస్యూ చేసేటప్పుడు ఆమెను గుమ్మందాకా సాగనంపి, ఏడీ గారికి వినబడేలా చెప్పాడు.

“అమ్మా, మిమ్మల్ని జాగ్రత్తగా వాడమని సార్‌తో చెప్పండి. చేతిలో ఉండగా ఏదన్నా పాడయితే రికవరీ వాడినవారి జీతంలోంచే.”

సలోమి ఆ మాట ఏడీ గారి బల్ల ముందు నిలబడి, ఒక్క అక్షరం పోకుండా, నవ్వకుండా అప్పజెప్పిందట. అప్పటిదాకా గోడకు అలంకారంగా ఉన్న ఎడిటింగ్ గది ఏసీ ఆ మధ్యాహ్నం నుంచే చల్లగా పనిచేయడం మొదలుపెట్టింది.